కూలిపోయినట్టే కట్టిన కోటకి మళ్ళీ మరమ్మతు ఏమిటండీ?

చిన్నక్క:
అందరికీ నమస్కారం. మొన్న శనివారం నాన్నని తీసుకుని ఇంగ్లండులోని వింపోల్ హాల్‌కి వెళ్ళాం. కేంబ్రిడ్జ్ నుంచి నైరుతిగా, కారులో అరగంట. ఆ జిల్లాలోకెల్లా పెద్ద బంగళా అది. వానపడి గడ్డంతా చిత్తడి. బంగళాకి ఉత్తరం వైపు నిలబడి చూస్తే పచ్చిక దిగువకి జారి, చెరువులు దాటి, మళ్ళీ ఒక గుట్ట ఎక్కుతుంది. ఆ గుట్ట నెత్తిన విరిగిన గోడలు, మధ్యలో గుండ్రటి బురుజు.

నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. గోడ కనిపిస్తే చాలు, దగ్గరికెళ్ళి తట్టి చూడందే కదలరు. దూరం నుంచే "ఏ యుద్ధంలో పోయిందో పాపం" అన్నారు. తీరా దగ్గరికెళ్తే తెలిసిందేమిటంటే, అది యుద్ధమూ చూళ్ళేదు, రాజునీ చూళ్ళేదు. 1768-72 మధ్య, అచ్చం ఇలాగే, విరిగిపోయినట్టే కట్టించారట! నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పగిలిన గోడ కట్టమంటే మేస్త్రీ కూలి ఎక్కువ అడిగుంటాడు" అన్నారు.

నాకు అర్థం కానిది ఇంకోటి. దీన్ని నేషనల్ ట్రస్ట్ వాళ్ళు, అంటే అక్కడ పాత కట్టడాలు చూసుకునే సంస్థ, కొన్నేళ్ళ క్రితం బాగుచేయించారు, దానికి 2016లో యూరోపా నోస్ట్రా అనే వారసత్వ కట్టడాల అవార్డు కూడా వచ్చింది. కూలినట్టు కట్టినదాన్ని బాగుచేయడమంటే ఏం చేసినట్టు? ఎంతవరకు బాగుచేసి ఎక్కడ ఆపాలి? ఇక్కడ పాత కట్టడాల పిచ్చి ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, చెప్పండి.

గోడమీదపిల్లి:
మా వీధి చివర కల్వర్టు కట్టినాయన ఈ విద్యలో ఆరితేరినవాడు. అవార్డు మాత్రం రాలేదు పాపం.

రాళ్ళపిచ్చి:
చిన్నక్క గారూ, మంచి చోటికే వెళ్ళారు. నేను రెండుసార్లు చూశాను. ఒకసారి మంచులో, ఇంకోసారి ఎండలో. మంచులో చూసినప్పుడే నమ్మబుద్ధేసింది.

కథ 1749లో మొదలవుతుంది. అప్పటికి వింపోల్ లార్డ్ హార్డ్‌విక్ చేతిలో ఉంది. ఎస్టేటు 1740లో కొన్నాడు. అసలు పేరు ఫిలిప్ యార్క్. 1737 నుంచి 1756 దాకా ఇంగ్లండుకి లార్డ్ ఛాన్సలర్, అంటే న్యాయవ్యవస్థకి పైమెట్టు. ఆయన తరఫున జార్జ్ లిటిల్టన్ అనే పెద్దమనిషి శాండర్సన్ మిల్లర్ అనే ఆర్కిటెక్టుకి ఉత్తరం రాశాడు. ఇల్లు అక్కర్లేదు, గది కూడా అక్కర్లేదు, ఇంట్లోంచి చూస్తే పాత కోటలా కనబడే గోడలుంటే చాలు అని దాని సారాంశం. గది కూడా వద్దు! ఇలాంటి ఆర్డరు ఈ రోజుల్లో ఏ ఆర్కిటెక్టుకైనా వస్తే ఫోన్ పెట్టేస్తాడు.

మిల్లర్ బొమ్మ గీసిచ్చాడు. హార్డ్‌విక్ మాత్రం కట్టలేదు. 1764లో పోయాడు. కొడుకు, రెండో ఎర్ల్, పార్కంతా మార్పించడానికి బ్రౌన్‌ని పెట్టుకున్నప్పుడు ఆ పాత కాగితాలు బయటికొచ్చాయి. బ్రౌన్ కొంచెం మార్చాడు, కేంబ్రిడ్జ్‌లో ఉండే ఆర్కిటెక్టు జేమ్స్ ఎసెక్స్ దగ్గరుండి కట్టించాడు. అంటే బొమ్మ గీసిన ఇరవై ఏళ్ళకి గోడ లేచింది. తండ్రి ముచ్చట కొడుకు తీర్చాడన్నమాట.

పెన్నాఒడ్డు:
ఒక్క నిమిషం. ఏ బ్రౌన్? మన బ్రౌన్ దొరా?

రాళ్ళపిచ్చి:
హహ, కాదండీ. మన సి.పి. బ్రౌన్ పుట్టిందే 1798లో. ఈయన లాన్సెలాట్ బ్రౌన్, తోటలు వేసేవాడు. ఏ ఎస్టేటుకి వెళ్ళినా "ఈ నేలకి చాలా సత్తా ఉంది" అనేవాడట. ఆ సత్తా అన్న మాటే ముద్దుపేరై కేపబిలిటీ బ్రౌన్ అయ్యాడు. రియల్ ఎస్టేట్ వాళ్ళకి ఆదిగురువనుకోండి.

పెన్నాఒడ్డు:
సరే. మరి ఎందుకు? డబ్బు ఎక్కువై అనకండి, అది మాకూ తెలుసు. డబ్బు ఎక్కువైనవాడు బంగారు గోపురం కట్టుకుంటాడు గానీ పగిలిన గోడ కట్టుకుంటాడా?

రాళ్ళపిచ్చి:
అప్పటి మోజు అండీ. అప్పట్లో తోట అంటే పూలకుండీల వరస కాదు, ఒక పటంలాగా ఉండాలి. దగ్గర పచ్చిక, మధ్యలో నీళ్ళు, చివర చూపు ఆగడానికి ఏదో ఒకటి. గుడో, వంతెనో, పాడుబడ్డ బురుజో. కొందరైతే తోటలో గుహ తవ్వించి సన్యాసిని జీతానికి పెట్టుకునేవారు. సర్రీలో పెయిన్స్‌హిల్ తోట గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఏడేళ్ళు గడ్డం గీయకుండా, మాట్లాడకుండా ఉంటే 700 గినీలు ఇస్తామన్నారట. సన్యాసి మూడు వారాలకే సారాకొట్టులో దొరికిపోయాడట. నిజమో కాదో గానీ కథ బావుంటుంది.

హార్డ్‌విక్ విషయంలో నాకు ఇంకో కారణం తోస్తుంది, ఇది నా ఊహే. ఆయన డోవర్‌లో ఒక వకీలు కొడుకు. తెలివితో, నోటితో పైకొచ్చాడు. చుట్టుపక్కల దొరలందరికీ ముత్తాతల నాటి కోటలున్నాయి, యుద్ధాల్లో పోయినవి. ఈయనకి పోగొట్టుకోవడానికి కోటే లేదు. అందుకని పోయిన కోటనే కొనుక్కున్నాడు.

గోడమీదపిల్లి:
కొత్తగా డబ్బొచ్చినాయన డ్రాయింగ్ రూములో ఎవరివో తాతగారి పటాలు తగిలించినట్టు.

నల్లకోటు:
నేను ఇక్కడ ఎప్పుడూ చదివి పోయేవాణ్ణే. హార్డ్‌విక్ పేరు చూసి ఆగలేకపోయాను. సాక్ష్యాల చట్టం చదివినవాళ్ళకి ఈయన తెలుసు.

1744 నాటి ఓమిచంద్ వర్సెస్ బార్కర్ కేసు. కలకత్తా వర్తకుడొకాయన లండన్ ఛాన్సరీ కోర్టులో, అంటే లార్డ్ ఛాన్సలర్ కూర్చునే కోర్టులో, బాకీ దావా వేశాడు. సాక్షులు కలకత్తాలో ఉన్నారు, హిందువులు. కమిషన్ వేసి వాళ్ళ వాంగ్మూలం అక్కడే తీసుకున్నారు. ప్రమాణం ఎలా చేశారయ్యా అంటే, వాళ్ళ ఆచారం ప్రకారం బ్రాహ్మడి పాదం ముట్టుకుని. అవతలి లాయర్లు లేచారు: బైబిలు మీద ప్రమాణం చేయనివాడి మాట ఇంగ్లీషు కోర్టులో చెల్లదు అని. అప్పటిదాకా పెద్ద పెద్ద న్యాయవేత్తలు అదే మాట రాసి పెట్టారు.

హార్డ్‌విక్ ఇంకో ముగ్గురు పెద్ద జడ్జీలను పక్కన కూర్చోబెట్టుకుని విన్నాడు. చెల్లుతుందన్నారు. మనిషి తను నమ్మిన దేవుడి మీద, తన పద్ధతిలో ప్రమాణం చేస్తే చాలన్నారు. ఇప్పుడు మన కోర్టుల్లో ఎవరి నమ్మకం ప్రకారం వాళ్ళు ప్రమాణం చేస్తున్నామంటే, ఆ దారిలో తొలి అడుగుల్లో ఇదొకటి.

తమాషా ఏమిటంటే, సాక్ష్యం నిజమా కాదా అని జీవితమంతా తూచిన మనిషి, తన పెరట్లో ఒక దొంగ సాక్షిని నిలబెట్టాలనుకున్నాడు.

మాటలమూట:
నల్లకోటు గారూ, రోజూ రాయండి దయచేసి.

దీనికి తోకగా నాదొక మాట. ఆ కేసులో సాక్షులను 'జెంటూ' మతస్థులు అన్నారు. పోర్చుగీసు వాళ్ళ 'జెంటియో' నుంచి వచ్చిన మాట, అన్యమతస్థుడు అని. ఉత్తరాదిన హిందువులందరికీ వాడారు. మద్రాసు వైపు మాత్రం అర్థం కుంచించుకుపోయి, జెంటూ అంటే తెలుగువాళ్ళు, జెంటూ భాష అంటే తెలుగు అయిపోయింది. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసులో వేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే 'జెంటూ అని వాడుకలో ఉన్న తెలూగూ భాష' అని ఉంటుంది. కేసులో సాక్షులు తెలుగువాళ్ళని అనడం లేదు, వాళ్ళు కలకత్తా వాళ్ళు. ఆ మాటే తర్వాత ప్రయాణం చేసి మన నెత్తిన కూర్చుంది.

చిన్నక్క:
ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. "జడ్జీగారి సంగతి సరే, సున్నం సంగతి ఎవరూ చెప్పరేం" అన్నారు. ఆయన గోడకి వేలు రాస్తే వేలంతా తెల్లగా అయింది. బలపం పట్టుకున్నట్టు. అది ఏం రాయి?

తాపీమేస్త్రి:
ఇప్పుడొచ్చాం నా దగ్గరికి. హైదరాబాదులో పాత కట్టడాల మరమ్మతు పనులు చేస్తుంటాను, వింపోల్ చూడలేదు గానీ ఆ రాయి తెలుసు. దాన్ని క్లంచ్ అంటారు. కేంబ్రిడ్జ్ చుట్టుపక్కల దొరికే సుద్దరాయి, బడిలో రాసుకునే సుద్దకి గట్టి అన్నయ్య. తవ్వినప్పుడు ఉలికి వెన్నలా లొంగుతుంది, అందుకే లోపలి చెక్కడాలకి ఇష్టపడేవారు. బయట, అదీ గుట్ట మీద పెడితే అంతే సంగతులు. వాన పీల్చుకుంటుంది. రాత్రి గడ్డకడితే ఆ నీళ్ళు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. పొద్దున్నకి పెచ్చు ఊడి కింద ఉంటుంది. ఏటా ఇదే. మీ నాన్నగారి వేలికి అంటింది కోట అరుగుదల.

అలాంటి గోడకి సిమెంటు వాడితే చంపేసినట్టే. సిమెంటు రాయికన్నా గట్టిది, నీటిని బయటికి పోనివ్వదు. రాళ్ళ మధ్య సందులు బిగుసుకుపోతాయి, నీళ్ళు రాతిలోంచే బయటికి రావాలి, రాయే పోతుంది. చివరికి సిమెంటు గళ్ళు మిగులుతాయి, రాళ్ళుండవు. అందుకే సున్నం. సున్నం మెత్తన, తనే అరిగి రాయిని కాపాడుతుంది. పాతికేళ్ళకో ముప్ఫై ఏళ్ళకో మళ్ళీ నింపుకోవాలి. మన గానుగ సున్నం కూడా ఇదే ధర్మం, మనవాళ్ళు కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపేవారు. మొన్నొక చోట నూట యాభై ఏళ్ళ గోడకి మాకంటే ముందొచ్చినాయన సిమెంటు పూసి వెళ్ళాడు. దాన్ని గీకడానికే ఆరు వారాలు పట్టింది, సగం రాయి దాంతోపాటే వచ్చేసింది. పేరు చెప్పను గానీ ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పెన్నాఒడ్డు:
మేస్త్రీ గారూ, చిన్నక్క గారి అసలు ప్రశ్న అలాగే ఉంది. నా మటుకు నాకు, పడిపోవాలని కట్టారు, పడిపోనివ్వండి. నిజంగా పడిపోతేనే కదా వాడి కల నెరవేరేది. నకిలీ శిథిలం అసలు శిథిలం అవుతుంటే అడ్డుపడటం దేనికి?

తాపీమేస్త్రి:
తప్పండీ. పడిపోవాలని కట్టలేదు, పడిపోయినట్టు కనబడాలని కట్టారు. నాటకంలో చనిపోయే పాత్ర వేసినవాడు రోజూ నిజంగా చనిపోతే రేపటి ఆటకి ఎవడొస్తాడు?

గోడ తల ఎక్కడ విరగాలో, ఏ కిటికీ సగం ఉండాలో మిల్లర్ గీసి పెట్టాడు. ఆ విరుపే డిజైను. దాన్ని దాటి ఊడినది నష్టం. పని అంటే ఆ రెండింటి మధ్య గీత పట్టుకోవడమే.

రాళ్ళపిచ్చి:
వింపోల్‌లో సరిగ్గా అదే చేశారు. డొనాల్డ్ ఇన్సాల్ అసోసియేట్స్ అనే సంస్థ పర్యవేక్షించింది. పాత బొమ్మలు, ఫొటోలు ముందు పెట్టుకుని, ఒకప్పుడు ఉండి తర్వాత పోయిన పిట్టగోడలు, చెక్కడాలు తిరిగి పెట్టారు. మొదటి నుంచీ లేనివాటి జోలికి పోలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గది కూడా వద్దన్నాడు చూశారూ, కట్టేసరికి లోపల నాలుగంతస్తుల బురుజు తయారైంది. తర్వాతి రోజుల్లో ఎస్టేటు వేటకాపరి అందులో కాపురం పెట్టాడు. పాడుబడ్డ కోటలో పొయ్యి వెలిగింది! బయటికి శిథిలం, లోపల అన్నం ఉడుకుతోంది.

గోడమీదపిల్లి:
ఆ కాపరి పెళ్ళాం ఏమనుకునేదో. "మీ ఇల్లెక్కడమ్మా?" "అదిగో, ఆ కూలిపోయినదే."

పెన్నాఒడ్డు:
నవ్వు సరే. ఆ చుట్టూ పచ్చిక గురించి ఎవరూ మాట్లాడరేం? అంత ఖాళీ నేల ఊరికే వస్తుందా?

చిన్నక్క:
పెన్నాఒడ్డు గారూ, రాలేదు. అక్కడ ఒకప్పుడు ఊరుండేది. పార్కు పెరిగేకొద్దీ ఊరు తరిగింది. బురుజుకి వెళ్ళే దారిలో గడ్డి కింద నేల అలలు అలలుగా ఉంటుంది, అవి మధ్యయుగాల్లో దున్నిన సాళ్ళట. ఆ తర్వాత ఆ నేల మళ్ళీ నాగలి చూడలేదు కాబట్టి అలాగే ఉండిపోయాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు బాగా కనిపిస్తాయి. నాన్న ఆ సాళ్ళ మధ్య నిలబడి అడుగులతో కొలిచారు. కోట కంటే అక్కడే ఎక్కువసేపు ఉన్నాం.

పెన్నాఒడ్డు:
నేను చెప్పాలనుకున్నది అదే. నిజంగా పోయిన ఊరు గడ్డి కింద, ఉత్తుత్తి కోట గుట్ట మీద. అవార్డు దేనికిచ్చారు?

రాళ్ళపిచ్చి:
అంత తేల్చేయకండి. ఆ పార్కుని పార్కుగా ఉంచబట్టే సాళ్ళు మిగిలాయి. నాగలికిచ్చుంటే ఎప్పుడో చదునయ్యేవి. అయినా మీ కోపానికి ఇంకా మంచి సరుకు నా దగ్గరుంది.

మిల్లర్‌కి పేరు తెచ్చింది వింపోల్ కాదు, వూస్టర్‌షైర్‌లో హ్యాగ్లీ. 1747-48లో ఇందాకటి లిటిల్టన్ కోసమే అక్కడ పాడుబడ్డ కోట కట్టాడు. అది చూసి ఆనాటి రచయిత హొరేస్ వాల్పోల్ లాంటి వంకలు పెట్టే మనిషి కూడా దానికి పాత యుద్ధాల నాటి అసలైన తుప్పు పట్టిందని మెచ్చుకున్నాడు. ఆ తుప్పు ఎక్కడిదో తెలుసా? దగ్గర్లో హేల్స్‌ఓవెన్ మఠం ఉంది, నిజంగా మధ్యయుగాలది, నిజంగా శిథిలమైనది. అక్కడి రాళ్ళు, కిటికీలు పట్టుకొచ్చి ఇందులో పెట్టారు. నకిలీ శిథిలం కోసం అసలు శిథిలాన్ని దోచారు!

మిల్లర్ సొంత బురుజు ఎడ్జ్‌హిల్‌లో ఉంది. 1642లో రాజుకీ పార్లమెంటుకీ తొలి పెద్ద యుద్ధం జరిగిన గుట్ట మీద. ఇప్పుడది పబ్బు. నేను అక్కడ చేపలు, వేపుడు బంగాళదుంపలు తిన్నాను, ఉప్పెక్కువ.

నల్లకోటు:
మఠం రాళ్ళ సంగతి వింటే, దొంగసొత్తు అని కేసు వేయొచ్చనిపిస్తోంది. కాలదోషం పట్టింది గానీ.

మాటలమూట:
ఫ్రాన్సులో దీని తాతను చూశాను. పారిస్‌కి పడమర, షాంబూర్సీ దగ్గర, డెజెర్ ద రెట్జ్. మాన్‌విల్ అనే శ్రీమంతుడు 1781 ప్రాంతంలో తన తోటలో విరిగిన స్తంభం కట్టించుకున్నాడు. మామూలు స్తంభం కాదు, అడ్డంగా పదిహేను మీటర్లు. ఏదో రాక్షసుల గుడి కూలి ఒక్క స్తంభం మొదలు మిగిలినట్టు ఉంటుంది. మన లేపాక్షి స్తంభాలు దాని ముందు అగ్గిపుల్లలు. దాని లోపలే ఆయన కాపురం. నడిమధ్యన మెలితిరిగిన మెట్లు, పైన విరిగిన అంచు వెనక గదులు, గోడలో చీలికలు పెట్టి ఆ చీలికల్లోనే కిటికీలు. 1786 సెప్టెంబరులో థామస్ జెఫర్సన్ కూడా వెళ్ళి చూశాడు, అప్పటికాయన అమెరికా రాయబారి. అదీ తర్వాత నిజంగానే పాడుబడింది, చెట్లు మొలిచాయి. ప్రభుత్వం యజమానుల మెడలు వంచి మరమ్మతు చేయించడానికి 1966 నాటి కొత్త చట్టం వాడాల్సొచ్చింది.

సరే, నా అసలు గొడవ వేరే. వీటిని ఇంగ్లీషులో 'ఫాలీ' అంటారు. మనం ఏమనాలి? వెర్రికట్టడం అంటే తిట్టినట్టుంది.

గోడమీదపిల్లి:
సోకుకోట.

నల్లకోటు:
బూటకపు కోట. నేను రోజూ కోర్టులో చూసేది అదే.

పెన్నాఒడ్డు:
ఉత్తుత్తి కోట అని నేను ఇందాకే అన్నాను, ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు ఉత్తుత్తి వంటలు వండుకుంటారు చూడండి, ఇసకతో అన్నం. దొరలదీ అదే ఆట.

తాపీమేస్త్రి:
గాలిమేడ. మాట ఉండనే ఉంది, కొత్తగా చేయడం దేనికి? పైగా గోడలకి కిటికీ తలుపుల్లేవు, గాలి ఇటు దూరి అటు పోతుంది.

మాటలమూట:
మేస్త్రీ గారూ, మీకు దండం. గాలిమేడ అంటే కట్టలేనిది. ఇది కట్టినది. రాళ్ళతో కట్టిన గాలిమేడ అంటే సరిపోతుంది.

పెన్నాఒడ్డు:
ఒప్పుకోను. ఉత్తుత్తి కోటే.

కొత్తపెన్సిల్:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. వింపోల్ అంటే జంగిల్ బుక్ రాసిన కిప్లింగ్ కూతురి ఇల్లు కదా?

రాళ్ళపిచ్చి:
అవును. ఎల్సీ బేంబ్రిడ్జ్. బతికి బట్టకట్టిన ఒక్క బిడ్డ ఆవిడే. భర్తతో కలిసి 1930లలో ముందు అద్దెకి దిగి, తర్వాత కొన్నారు. తండ్రి రచనల మీద వచ్చే రాయల్టీలే ఆ బంగళాని నిలబెట్టాయి. 1976లో పోతూ మొత్తం నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చింది. బొంబాయిలో పుట్టినాయన కథల డబ్బు కేంబ్రిడ్జ్ పొలాల్లో పైకప్పులకి వెళ్ళింది.

తాపీమేస్త్రి:
చిన్నక్క గారూ, నాన్నగారి దగ్గర ఫొటోలుంటే పెట్టండి. సందులు దగ్గరగా తీసినవి. పూర్తి కోట ఫొటో వద్దు, అది అందరి దగ్గరా ఉంటుంది.

చిన్నక్క:
నాన్న తీసిన ముప్ఫై ఆరు ఫొటోల్లో ముప్ఫై నాలుగు సందులవే అండీ. కింద పెడుతున్నాను. ఒకదాంట్లో ఆయన వేలు అడ్డొచ్చింది, తెల్లగా ఉంది చూడండి, అదే ఆ సుద్ద. మిగిలిన రెండిట్లో ఒకటి నాది, గొడుగు తిరగబడ్డది.

ఇంకోటి తలుపుది. మేం వెళ్ళిన రోజు తాళం వేసుంది. మీరందరూ లోపల నాలుగంతస్తులూ పొయ్యీ ఉండేవని చెప్పాక నాన్న మళ్ళీ వెళ్దామంటున్నారు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కనుక్కోమన్నారు. ఎవరికైనా తెలుసా?